బరువు దారి, నీటి దారి: ఇంటి నిర్మాణ పరిభాష

ఏ కట్టడమైనా నిలిచినంత కాలం రెండు పనులు చేస్తూనే ఉండాలి. తన బరువును, తనలో నివసించేవారి బరువును, తనను తాకే గాలి తోపును భద్రంగా నేలకు చేర్చడం మొదటిది. పైనుంచి కురిసే వాననూ, కింద నేలలోంచి పైకి పాకే చెమ్మనూ లోపలికి రానీయకుండా బయటికి పంపడం రెండోది. నిర్మాణ రంగంలో నిత్యం వినిపించే ఫుటింగు, ప్లింత్ బీము, లింటెల్, సజ్జ, పిట్టగోడ వంటి మాటల్లో అధికభాగం ఈ రెండు పనుల్లో ఏదో ఒక మజిలీకి పెట్టుకున్న పేర్లే కాబట్టి, వాటిని అక్షరక్రమంలో కాక, బరువు ఏ దారిన దిగుతుంది, నీరు ఏ దారిన పోతుంది అనే వరుసలో చూసినప్పుడే అవి సులభంగా అర్థమవుతాయి.

ఈ అవగాహన ఇంజనీర్లకు మాత్రమే పరిమితం కావలసినది కాదు. తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో కుటుంబాలు ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును, దానికి తోడు బ్యాంకు అప్పును ఇంటి మీద పెట్టి, పనిని మేస్త్రీకో కాంట్రాక్టరుకో అప్పగిస్తాయి. మట్టి పూడ్చాక ఫుటింగు కనిపించదు, కాంక్రీటు పోశాక ఇనుము కనిపించదు, ప్లాస్టరింగు అయ్యాక ఇటుక కట్టుబడి కనిపించదు. ఇంటి బలమంతా ఇలా కప్పబడే భాగాల్లోనే ఉంటుంది గనుక, ఒక్కో మాట వెనుక ఉన్న పనేమిటో తెలిసిన యజమాని మాత్రమే ఆ పని కనుమరుగు కాకముందే చూడగలుగుతారు, సందేహం వస్తే అడగగలుగుతారు.

నేల నుంచి ప్లింత్ దాకా

ప్లాన్‌లోని గీతలను స్థలం మీదికి దించే పనిని మార్కింగ్ అంటారు. మేస్త్రీల మాటల్లో అది ముగ్గు పోయడం. మేకులు పాతి, దారాలు లాగి కట్టి, గోడల, స్తంభాల మధ్యగీతలను ముగ్గుతో నేల మీద గీస్తారు. గదుల మూలలు సరిగ్గా 90 డిగ్రీలు ఉన్నాయో లేదో చూసే పనిముట్టు మూలమట్టం. పెద్ద కొలతలకు అది చాలదు కాబట్టి ఒక దారం మీద 3 అడుగులు, దానికి అడ్డంగా ఉన్న దారం మీద 4 అడుగులు కొలిచి గుర్తులు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం 5 అడుగులు వచ్చిందో లేదో సరిచూస్తారు. ఈ దశలో మూల తప్పితే ఆ తేడా గోడల్లో కొనసాగి, చివరికి నేల మీద టైల్స్ పరిచే రోజున వంకరగా బయటపడుతుంది.

పునాది లోతును, తీరును నిర్ణయించేది నేల స్వభావం. కుంగిపోకుండా నేల ఒక చదరపు మీటరు మేర ఎంత బరువు భద్రంగా మోయగలదో ఆ పరిమితిని భారధారణ సామర్థ్యం అంటారు. గట్టి గరుసు నేలల్లో, రాతి నేలల్లో ఒక్కో స్తంభం కింద విడివిడిగా వేసే ఫుటింగు సరిపోతుంది. ఫుటింగు చేసే పని బరువును పరచడం. ఉదాహరణకు 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు ఉన్న స్తంభం అడుగు వైశాల్యం ముప్పావు చదరపు అడుగు మాత్రమే. దాని కింద 5 అడుగుల చదరపు ఫుటింగు వేస్తే అదే బరువు 25 చదరపు అడుగుల మీదికి వ్యాపించి, నేల మీద పడే ఒత్తిడి దాదాపు ముప్పై మూడో వంతుకు తగ్గుతుంది. గుంత అడుగున ముందుగా ఇనుము లేని సాదా కాంక్రీటును పలుచగా పోయడం ఆనవాయితీ, పి.సి.సి. అని పిలిచే ఈ పొర ఫుటింగు ఇనుమును మట్టికి తగలనీయకుండా, కాంక్రీటులోని నీటిని నేల పీల్చుకోకుండా కాపాడుతుంది.

నల్లరేగడి నేలల్లో సమస్య వేరు. ఈ మట్టి వానలకు నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండలకు నెర్రెలు విచ్చి కుంచించుకుపోతుంది. ఏటా జరిగే ఈ కదలికలో పైపైన వేసిన పునాది పైకి లేచి, తిరిగి కుంగి, గోడలు ఏటవాలుగా పగుళ్లిస్తాయి. అందువల్ల తేమలో మార్పు లేని లోతుకు పునాదిని దించాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైలు అడుగున ఉబ్బుగా ఉండి, కదలని పొరలో గట్టిగా నాటుకుంటుంది; పై మట్టి ఎంత ఉబ్బినా పునాదిని పైకి లాగలేదు. నేల మరీ మెత్తనైనప్పుడు ఇంటి అడుగంతా ఒకే కాంక్రీటు పలకగా వేసే పునాదిని రాఫ్ట్ అంటారు.

బయటి నేలమట్టం నుంచి ఇంటి లోపలి నేలమట్టం దాకా ఉండే ఎత్తు ప్లింత్. గ్రామాల్లోనూ, ప్రభుత్వ గృహ పథకాల బిల్లుల్లోనూ బేస్‌మెంట్ అనే మాట ఈ ఎత్తునే సూచిస్తుంది. నగరాల అపార్ట్‌మెంట్లలో అదే మాట నేల కింద వాహనాలు నిలిపే అంతస్తుకు చెల్లుతుంది కాబట్టి, ఒప్పంద పత్రంలో ఆ పదం ఏ అర్థంలో వాడారో స్పష్టంగా రాయించుకోవడం అవసరం. స్తంభాలన్నిటినీ ఈ స్థాయిలో కలిపి బిగించే కాంక్రీటు దూలం ప్లింత్ బీము. ఒక స్తంభం కింద నేల కాస్త కుంగినా మిగతా స్తంభాలు దాన్ని పట్టి నిలిపేలా చేసేది ఇదే. బీముల మధ్య ఖాళీని గరుసుతో పొరలు పొరలుగా నింపుతూ, ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టాలి. ఒకేసారి లారీల కొద్దీ మట్టి పోసి పైపైన తడిపిన చోట కొన్నాళ్లకు గదిలోని నేల కుంగుతుంది.

నీటికి వేసే తొలి అడ్డుకట్ట కూడా ఇక్కడే ఉంటుంది. ఇటుకలోని, మాలులోని సన్నని రంధ్రాల గుండా నేలలోని తేమ పైకి పాకుతుంది. దానితోపాటు వచ్చిన లవణాలు గోడ ముఖం మీద తెల్లగా పేరుకుని, సున్నం పొరలు పెచ్చులుగా ఊడిపోతాయి. ఇంటికి వాననీరు ఎక్కడా కారకపోయినా గోడల అడుగు భాగం చెమ్మగిల్లడానికి కారణమిదే. ప్లింత్ పైభాగాన గోడ మందమంతటా పరిచే, నీటిని చొరనీయని కాంక్రీటు పొరను డి.పి.సి. లేదా తేమ నిరోధక పొర అంటారు. గోడ కట్టే ముందు ఒక్క పూటలో అయిపోయే ఈ పనిని వదిలేస్తే తరువాత ఎన్ని రంగులు పూసినా ఫలితం ఉండదు.

గోడ, స్తంభం

గోడలే పైకప్పు బరువును మోసి పునాదికి అందించే ఇంటిని భారవాహక గోడల కట్టడం అంటారు. స్తంభాలు, దూలాల చట్రమే బరువంతా మోస్తూ, గోడలు గదులను విడదీయడానికి మాత్రమే ఉండే ఇంటిని ఫ్రేమ్డ్ కట్టడం అంటారు. పాత మట్టిగోడల ఇళ్లు, రాతి మిద్దెలు మొదటి కోవకు చెందితే, నేటి పిల్లర్ల ఇళ్లు రెండో కోవకు చెందుతాయి. ఈ భేదం తెలియకపోతే ప్రమాదం ముంచుకొస్తుంది: ఫ్రేమ్డ్ ఇంట్లో ఇంజనీరు సలహాతో ఒక గోడను తొలగించి గదిని విశాలం చేసుకోవచ్చు గానీ, భారవాహక గోడను అదే రీతిలో తొలగిస్తే పైకప్పు ఆధారం కోల్పోతుంది.

ఇటుకలో, రాతిలో కట్టే పనికి మేసన్రీ, అంటే కట్టుబడి అని పేరు. ఈ విద్య ఎంత పెద్ద కట్టడాన్నైనా నిలపగలదనడానికి 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగర్ ప్రధాన ఆనకట్టే నిదర్శనం. అది రాతి కట్టడం. కట్టుబడిలో ముఖ్యమైన నియమం ఒక వరుసలోని నిలువు అతుకు మీద పై వరుసలోని నిలువు అతుకు రాకూడదన్నది. ఇటుక పొడవు గోడ ముఖం మీద కనిపించేలా పెడితే స్ట్రెచర్ అనీ, ఇటుకను గోడ మందంలోకి చొప్పించి చివర మాత్రమే కనిపించేలా పెడితే హెడర్ అనీ అంటారు. ఒక వరుస అంతా స్ట్రెచర్లు, దాని పై వరుస అంతా హెడర్లు వచ్చేలా కట్టే పద్ధతికి ఇంగ్లిష్ బాండ్ అని పేరు. అతుకులు ఒకదానిపై ఒకటి వస్తే పైనుంచి కింది దాకా గోడకు ఒక పగులును ముందే గీసినట్టవుతుంది. అతుకులు తప్పిస్తే పై ఇటుక బరువు కింది రెండు ఇటుకలకు పంపకమై, గోడంతా ఒకే ముద్దగా పనిచేస్తుంది.

ఇటుకలను అతికించే మిశ్రమాన్ని మేస్త్రీలు మాలు అంటారు. పూర్వం సున్నాన్ని, ఇసుకను ఎద్దులు తిప్పే రాతి గానుగలో మెత్తగా నలిపి డంగు సున్నం తయారుచేసేవారు. 1591 నాటి చార్మినార్ వంటి కట్టడాలను నిలబెట్టింది సున్నమే. నేడు తొమ్మిదంగుళాల గోడకు సాధారణంగా 1 వంతు సిమెంటుకు 6 వంతుల ఇసుక, నాలుగున్నర అంగుళాల అడ్డుగోడకు 1 వంతుకు 4 వంతులు కలుపుతారు. కట్టే ముందు ఎర్ర ఇటుకను నీటిలో నాననివ్వాలని మేస్త్రీలు పట్టుబట్టడానికి కారణముంది: పొడి ఇటుక మాలులోని నీటిని పీల్చేసి, సిమెంటు గట్టిపడడానికి అవసరమైన తేమను లేకుండా చేస్తుంది. గోడ నిలువుగా లేస్తోందో లేదో తూకం గుండుతోనూ, వరుసలు సమంగా ఉన్నాయో లేదో రసమట్టంతోనూ అడుగడుగునా చూడాలి. నిలువు తప్పిన గోడలో బరువు మధ్యగీతను వదిలి అంచువైపు జరిగి, ఒకవైపు ఒత్తిడి పెరుగుతుంది.

కాంక్రీటు, ఉక్కు

కాంక్రీటు ఒత్తిడికి బాగా తట్టుకుంటుంది గానీ, లాగుడుకు దాని బలం ఒత్తిడి బలంలో దాదాపు పదో వంతే. రెండు ఆధారాల మీద ఆనిన దూలం బరువుకు కిందికి వంగినప్పుడు పై పొర కుంచించుకుంటుంది, కింది పొర సాగుతుంది; సాగే ఆ కింది పొరలోనే కాంక్రీటు పగులుతుంది కాబట్టి అక్కడ ఉక్కు చువ్వలు పెడతారు. ఈ జోడింపే ఆర్.సి.సి. వేడికి కాంక్రీటు, ఉక్కు దాదాపు ఒకే మేర వ్యాకోచించడం వల్ల ఎండాకాలంలోనైనా, చలికాలంలోనైనా అవి ఒకదాన్నొకటి వదలకుండా కలిసి పనిచేస్తాయి.

బిల్లుల్లో, ప్లాన్లలో కనిపించే ఎం20 అనే గుర్తు కాంక్రీటు బలాన్ని తెలుపుతుంది. 150 మిల్లీమీటర్ల ఘనాన్ని పోసి, 28 రోజులు నీటిలో ఉంచి నొక్కినప్పుడు అది చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలని దాని భావం. ఐ.ఎస్. 456 అనే భారతీయ ప్రమాణం ప్రకారం ఆర్.సి.సి.కి ఇంతకన్నా తక్కువ బలం గల కాంక్రీటు వాడరాదు. సంప్రదాయంగా దీనికి 1 వంతు సిమెంటు, ఒకటిన్నర వంతు ఇసుక, 3 వంతుల కంకర కలుపుతారు. అదే ప్రమాణం ఈ మిశ్రమంలో 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లకు మించి నీరు పోయరాదంటుంది. పని తేలిగ్గా సాగాలని నీళ్లు ఎక్కువ పోస్తే కాంక్రీటు జారుడుగా పరుచుకుంటుంది గానీ, అదనపు నీరు ఆరిపోయిన చోటల్లా రంధ్రాలు మిగిలి బలం తగ్గుతుంది. మరోవైపు మిశ్రమం మరీ బిగువుగా ఉండి, దాన్ని కదిపి సర్దే వైబ్రేటరు సరిగ్గా పెట్టకపోతే కంకర మధ్య ఖాళీలు మిగులుతాయి. కాంక్రీటు అచ్చు అయిన సెంట్రింగ్ విప్పాక కనిపించే ఈ లోపాన్ని హనీకోంబ్, అంటే తేనెపట్టు అని పిలుస్తారు.

స్తంభంలోని ఇనుమును దగ్గరగా పరిశీలిస్తే ఈ విద్యలోని సూక్ష్మం తెలుస్తుంది. దీర్ఘచతురస్రపు స్తంభంలో నాలుగు మూలలా కనీసం 12 మిల్లీమీటర్ల నిలువు చువ్వలు నాలుగు ఉండాలి. వాటిని చుట్టి ఉండే చిన్న చువ్వల చట్రాలను పనివారు రింగులు అంటారు. బరువు పడినప్పుడు నిలువు చువ్వలు బయటికి ఉబ్బి వంగబోతాయి. ఆ ఉబ్బును అడ్డుకునేవి, లోపలి కాంక్రీటును చెదరకుండా బిగించి ఉంచేవి రింగులే. రింగుల మధ్య దూరం స్తంభం చిన్న భుజం కొలతకు గానీ, నిలువు చువ్వ మందానికి 16 రెట్లకు గానీ, 300 మిల్లీమీటర్లకు గానీ, వీటిలో ఏది తక్కువైతే దానికి మించరాదు. అందువల్ల 9 అంగుళాల స్తంభంలో 12 మిల్లీమీటర్ల చువ్వలు వాడితే ఆ దూరం 192 మిల్లీమీటర్లు దాటకూడదు. భూకంపాలను దృష్టిలో పెట్టుకుని రాసిన ఐ.ఎస్. 13920 ప్రమాణం రింగు కొసలను 135 డిగ్రీలకు వంచాలంటుంది. కొసలను 90 డిగ్రీలకే వంచి వదిలితే, స్తంభం కంపించి పై కాంక్రీటు రాలిన మరుక్షణం రింగు విప్పుకుంటుంది; 135 డిగ్రీలకు వంచిన కొసలు స్తంభం గర్భంలోకి దిగి, కాంక్రీటులో ఇరుక్కుని ఊడకుండా నిలుస్తాయి. ఈ చిన్న వంపు మీద ఇంటి మనుగడ ఆధారపడే సందర్భాలు ఉంటాయి.

చువ్వ ఉపరితలానికీ, కాంక్రీటు బయటి ముఖానికీ మధ్య ఉండే మందాన్ని కవర్ అంటారు. సాధారణ పరిస్థితుల్లో శ్లాబుకు 20, స్తంభానికి 40, ఫుటింగుకు 50 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి. సముద్రతీరంలో ఉప్పుగాలి తగిలే ఇళ్లకు శ్లాబులోనైనా ఇంకా ఎక్కువ కావాలి. కవర్ తగ్గితే తేమ, గాలి చువ్వను చేరి తుప్పు పట్టిస్తాయి. తుప్పు అసలు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును లోపలినుంచి తోసి పెచ్చులూడదీస్తుంది. చువ్వల కింద పెట్టే చిన్న కవర్ బ్లాకులను నిర్లక్ష్యం చేసిన ఇళ్లలోనే పైకప్పు నుంచి ఇనుము బయటపడి కనిపిస్తుంది.

ద్వారం, కిటికీ, సజ్జ

గోడలో తలుపుకో కిటికీకో ఖాళీ వదిలినప్పుడు, ఆ ఖాళీ మీద ఉన్న గోడ బరువును ఇరుపక్కలకు మళ్లించే అడ్డదూలం లింటెల్. అది ఖాళీకి రెండువైపులా కనీసం ఆరేసి అంగుళాలు గోడ మీద ఆనాలి. రాతి కట్టుబడి సాగిన కాలంలో ఈ పనిని ఒకే రాతి పలకో, కమానో చేసేది. కమానులో రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ బరువును వంపు వెంట పక్కలకు దించుతాయి. రాయికి లాగుడు తట్టుకునే శక్తి తక్కువ గనుక, ఒత్తిడి మాత్రమే ఉండేలా రూపొందిన ఈ ఆకృతితో పెద్ద ఖాళీలను దాటగలిగారు. అయితే కమాను పక్కలకు తోస్తుంది కాబట్టి దానికి ఇరువైపులా ఆ తోపును భరించే బరువైన కట్టడం ఉండాలి. చార్మినార్ నాలుగు వైపులా ఉన్న పెద్ద కమానులకు మూలల్లోని మినార్లు, దిట్టమైన స్తంభాలు ఆ ఆసరానిస్తున్నాయి.

లింటెల్ నుంచి బయటికి పొడుచుకొచ్చే పలక సజ్జ. ఎండను, వానజల్లును కిటికీ మీద పడనీయదు. సజ్జ, బాల్కనీ వంటివి ఒకవైపే ఆధారం ఉండి రెండోవైపు గాలిలో నిలిచేవి. వీటిని కాంటిలీవర్ అంటారు. సాధారణ శ్లాబులో సాగే పొర కిందివైపు ఉంటే, కాంటిలీవర్‌లో బరువుకు కొస కిందికి వంగడం వల్ల సాగే పొర పైవైపు వస్తుంది. అందుచేత ప్రధాన చువ్వలు పైవైపునే ఉండాలి. కాంక్రీటు పోసే హడావుడిలో పనివారి కాళ్ల కింద ఆ చువ్వలు అడుగుకు కుంగిపోతే, లెక్క ప్రకారం ఇనుమంతా ఉన్నా అది ఉండవలసిన చోట లేనట్టే. సజ్జలు కూలడం వెనుక తరచుగా ఉండే కారణం ఇది. సజ్జ అడుగున, అంచుకు దగ్గరగా, పొడవునా ఒక సన్నని గాడి వదలడం మరో ముఖ్యమైన వివరం. నీటి బొట్టు అంచు దాటి అడుగు వెంట గోడవైపు పాకకుండా ఆ గాడి దగ్గరే తెగి కింద పడుతుంది.

పైకప్పు

తెలుగునాట పైకప్పు రీతులు వాన తీరును బట్టి, దొరికే సామగ్రిని బట్టి ఏర్పడ్డాయి. వానలు ఎక్కువైన కోస్తాలో వాలు కప్పులు వచ్చాయి: ఇంటి నడిమి నిట్టాడు మీద దూలం, దూలం నుంచి గోడల మీదికి దిగే వాసాలు, వాసాల మీద తాటాకో, గూన పెంకులో, తరువాతి కాలంలో మంగుళూరు పెంకులో పరిచారు. గోడ దాటి కిందికి వచ్చే కప్పు అంచు చూరు. మట్టిగోడను వాన నుంచి కాపాడేది అదే. గోదావరి ప్రాంతపు మండువా లోగిళ్లలో కప్పులు లోపలి ముంగిటివైపు వాలి, వాననీరంతా మండువాలో పడి కాలువ ద్వారా బయటికి పోయే ఏర్పాటు ఉంటుంది. వానలు తక్కువైన రాయలసీమలో చదునైన మట్టి మిద్దెలు నిలిచాయి: దూలాల మీద దంతెలు పరిచి, వాటిపై పుల్లలో రాతి పలకలో వేసి, పైన చౌడు మట్టి కప్పుతారు. చౌడులోని లవణాల వల్ల దాని రేణువులు తడవగానే విడిపోయి, సందులను మూసివేసి నీటిని దిగనీయవు. పొలానికి చెరుపు చేసే మట్టిని ఇంటికి రక్షగా మార్చుకున్న ఆ జ్ఞానం గౌరవించదగినది.

నేటి ఇళ్లలో వాటి స్థానాన్ని శ్లాబు ఆక్రమించింది. తడి కాంక్రీటును పట్టి ఉంచే తాత్కాలిక అచ్చును సెంట్రింగ్ అనీ, దాన్ని కింది నుంచి మోసే నిలువు ఆధారాలను జాకీలు అనీ అంటారు. గది పొడవు వెడల్పుకు రెట్టింపును మించితే బరువు పొట్టి దిశలోనే ప్రవహిస్తుంది కాబట్టి ప్రధాన చువ్వలను ఆ దిశలో వేస్తారు. దీన్ని వన్‌వే శ్లాబు అంటారు. గది చదరానికి దగ్గరగా ఉంటే రెండు దిశల్లోనూ బలమైన చువ్వలు వేసే టూవే శ్లాబు అవుతుంది.

సిమెంటు గట్టిపడేది ఆరడం వల్ల కాదు, నీటితో జరిగే రసాయన చర్య వల్ల. ఆ చర్య సాగినన్నాళ్లూ తేమను అందించడమే క్యూరింగ్. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద వంటివి కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకుండా ఉంచాలని ఐ.ఎస్. 456 ప్రమాణం చెబుతుంది. శ్లాబు మీద మాలుతో చిన్న మడులు కట్టి నీళ్లు నిలిపే అలవాటు ఇందుకే పుట్టింది. మామూలు సిమెంటు వాడినప్పుడు నాలుగున్నర మీటర్ల లోపు శ్లాబు ఆధారాలను 7 రోజులకు, అంతకు మించిన శ్లాబుకు 14 రోజులకు, 6 మీటర్లు దాటిన దూలానికి 21 రోజులకు గానీ తీయకూడదు. బూడిద కలిసిన సిమెంటుకు ఇంకా ఎక్కువ వ్యవధి కావాలి. శ్లాబు చుట్టూ లేపే పిట్టగోడ మనుషులను పడకుండా కాపాడుతుంది గానీ, అదే గోడ నీటిని కూడా నిలిపేస్తుంది కనుక, డాబా మీద గొట్టాలవైపు తగినంత వాలు ఇవ్వడం, శ్లాబూ పిట్టగోడా కలిసే మూలను గుండ్రంగా నింపి మూయడం తప్పనిసరి. పై అంతస్తు గోడలు చెమ్మగిల్లేది ఎక్కువగా ఆ మూల నుంచే.

గుడి నిర్మాణంలో ఇదే క్రమం

శిల్పశాస్త్రాలు దక్షిణాది విమానాన్ని, అంటే గర్భగుడితో కూడిన కట్టడాన్ని, ఆరు అంగాలుగా వర్ణిస్తాయి: అడుగున అధిష్ఠానం, దానిపై గోడ భాగమైన పాదం, పైకప్పు అంచుగా ప్రస్తరం, ఆపైన గ్రీవం, శిఖరం, చివర స్తూపి. అధిష్ఠానం మన ప్లింత్ వలె గుడిని నేల తేమకు అందకుండా పైకెత్తి, గోడ బరువును విశాలంగా పరుస్తుంది. ప్రస్తరంలో వంపుగా బయటికి వచ్చే కపోతం వాననీటిని గోడకు దూరంగా విసురుతుంది. గర్భగుడిలోని అభిషేక జలాన్ని గోడ బయటికి చేర్చే రాతి తూముకు ప్రణాళం అని పేరు. బరువు దారి, నీటి దారి ఇక్కడా స్పష్టంగా కనిపిస్తాయి.

ములుగు జిల్లా పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో నెలకొల్పిన రామప్ప గుడి ఇందుకు ఉత్తమమైన ఉదాహరణ. దాని పునాదిలో ఇసుక నింపారు. గుడిని ఇసుకరాయితోనూ, నల్లరాతితోనూ కట్టి, గర్భగుడి మీది విమానపు పైభాగానికి మాత్రం నీటిపై తేలేటంత తేలికైన ఇటుకలు వాడారు. ఎత్తున ఉన్న బరువును తగ్గిస్తే దాని కింది గోడకు, పునాదికి, నేలకు వరుసగా భారం తగ్గుతుందన్న సూత్రాన్ని కాకతీయుల కాలపు స్థపతులు ఆచరణలో పెట్టారు. 2021లో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కాగితం మీది మాటలు

ఇంటిని పైనుంచి అడ్డంగా కోసి చూసినట్టు గదుల అమరికను చూపే పటం ప్లాన్, ఎదురుగా నిలబడి చూసినట్టు ముఖభాగాన్ని చూపేది ఎలివేషన్, నిలువుగా కోసి ఎత్తులను చూపేది సెక్షన్. యజమానులు ఎలివేషన్‌ను ఆసక్తిగా చూస్తారు గానీ, ప్లింత్ ఎత్తు, లింటెల్ ఎత్తు, మెట్ల తీరు, శ్లాబు మందం తెలిపేది సెక్షనే. మెట్టు మీద పాదం మోపే వెడల్పు ట్రెడ్, ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు ఎత్తు రైజర్. ఇళ్లలో ట్రెడ్ 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదనీ, రైజర్ 190 మిల్లీమీటర్లు మించకూడదనీ జాతీయ భవన నియమావళి చెబుతుంది. ఇంటికీ, దాని చుట్టూ ఉన్న రోడ్డు, పక్క స్థలాలకూ మధ్య చట్టప్రకారం వదలవలసిన ఖాళీ సెట్‌బ్యాక్. గాలి, వెలుతురు, అగ్నిప్రమాద సమయంలో దారి దానివల్లే సాధ్యం.

స్థలాన్ని గజాల్లో, ఇంటిని చదరపు అడుగుల్లో లెక్కించడం మన వాడుక. ఒక గజం 9 చదరపు అడుగులు, సెంటు 48.4 గజాలు, గుంట 121 గజాలు. గోడల మందంతో సహా కట్టిన నేల మొత్తం ప్లింత్ ఏరియా. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా అంటే ఫ్లాటు లోపల వాడుకోదగిన నేల. లోపలి అడ్డుగోడలు అందులో చేరతాయి, బయటి గోడలు, బాల్కనీ చేరవు. మెట్లు, లిఫ్టు వంటి ఉమ్మడి భాగాల వాటాను కూడా కలిపి చెప్పే సూపర్ బిల్టప్ ఏరియా సహజంగానే పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి, రెండు ఫ్లాట్ల ధరలను పోల్చేటప్పుడు కార్పెట్ ఏరియానే ఆధారంగా తీసుకోవాలి. ఫ్లాటుతోపాటు స్థలంలో సంక్రమించే అవిభాజ్య వాటా ఎన్ని గజాలో పత్రంలో చూడడం కూడా అంతే ముఖ్యం.

నిర్మాణ పరిభాషను నేర్చుకోవడం ద్వారా ఇంటి యజమాని ఇంజనీరు కాలేరు, కావలసిన అవసరమూ లేదు. గుంత పూడ్చకముందు నేల గట్టిదేనా అని, శ్లాబు పోయకముందు కవర్ బ్లాకులు ఉన్నాయా అని, సజ్జలో చువ్వలు పైవైపునే నిలిచాయా అని, ఆధారాలు విప్పకముందు రోజులు నిండాయా అని సరైన సమయంలో అడగగలిగితే చాలు. ఆ ప్రశ్నలు నిజాయితీగల మేస్త్రీని నొప్పించవు. తన పనితనాన్ని గుర్తించే మనిషి ఎదుట ఉన్నారన్న తృప్తిని ఇస్తాయి. తెలుగు పాఠశాలల్లో, గ్రామ సచివాలయాల్లో, గృహ పథకాల లబ్ధిదారులకిచ్చే పత్రాల్లో ఈ మాటలను బొమ్మలతో సహా తేట తెలుగులో వివరించే ఏర్పాటు జరిగితే, ఇల్లు కట్టుకునే ప్రతి కుటుంబానికీ అది అసలైన రక్షణ అవుతుంది.